గోడ అన్నయ్యది, చెట్టు చెల్లెలిది

సిబా ఊళ్ళో లిబోరియా పేరెత్తితే ఎవరైనా ముందు అనే మాట "అబ్బో, మొండిఘటం!" అని. అనేవాళ్ళకేం, నోటికి అడ్డేముంది? ఆమె పాతికేళ్ళ వయసులో ఎలా నవ్వేదో, కొండ మీద నుంచి పిలిస్తే కింద ద్రాక్షతోటలో ఉన్నవాళ్ళకి ఎలా వినబడేదో చూసినవాళ్ళు ఇప్పుడు ముగ్గురో నలుగురో మిగిలారు. వాళ్ళలో ఒకడు ఆమె సొంత అన్న గాస్పరే. అతని సంగతే చెప్పాలి, లేకపోతే ఆమె సంగతి అర్థం కాదు.

సిబా ఉన్న పాంతెల్లేరియా ద్వీపంలో, ఇటలీకీ ఆఫ్రికాకీ నడుమ సముద్రంలో, గాలికి సెలవంటూ లేదు. ఒకరోజు ఆఫ్రికా వైపు నుంచి వేడిగా, కళ్ళలో ఎర్ర దుమ్ము కొట్టుకుంటూ వస్తుంది. మర్నాడు వాయవ్యం నుంచి ఉప్పు మోసుకుని వస్తుంది. ఏటి నీళ్ళు లేవు, ఊటబావి లేదు. ఇంటి గుమ్మటాల మీద పడిన వాన కింద తొట్టిలోకి దిగితే ఏడాదంతా అదే తాగాలి. అందుకే ఇక్కడ ఏదీ తలెత్తి పెరగదు. ద్రాక్షని గుంట తవ్వి అందులో నాటుతారు. ఆలివ్ కొమ్మలకి రాళ్ళు కట్టి నేల మీద పాకిస్తారు. మొగ్గల్ని ఉప్పులో ఊరేసుకుని తినే కేపరు మొక్క ఎవరూ నాటకుండానే గోడ సందుల్లో దూరి బతుకుతుంది. నారింజకి మాత్రం ఆ తెలివి లేదు. దానికి నిలబడాలని ఉంటుంది. అందుకని దానికోసం నల్లరాళ్ళు సున్నం లేకుండా పేర్చి, రెండు నిలువుల ఎత్తున గుండ్రంగా గోడ కడతారు. పైకప్పు ఉండదు. వంగితే గాని దూరలేని ఒక చిన్న తలుపు. లోపల ఒకే ఒక్క చెట్టు. ఇంత శ్రమా ఒక్క చెట్టు కోసమేనా అని పై ఊళ్ళనుంచి వచ్చినవాళ్ళు నోరెళ్ళబెడతారు. మరి పిల్లాడికి జ్వరమొస్తే నారింజ రసం ఎక్కడినుంచి వస్తుంది?

లిబోరియా తండ్రి బల్దసారేకి అలాంటి గోడ ఒకటి ఉండేది, ఊరి పైన మెట్లు మెట్లుగా చదును చేసిన పొలాల చివర, పైన్ చెట్లు మొదలయ్యే చోట. ఆయన తాత కట్టింది. ఆ నారింజకి జనవరిలో పళ్ళొచ్చేవి, చెక్కు పల్చగా, రసం కారుతూ. బల్దసారే మంచం పట్టాక నోటరీని ఇంటికి పిలిపించి, ఫాదిరీని పక్కన కూర్చోబెట్టుకుని ఆస్తి పంచాడు. నేల కొడుక్కి. అది మామూలే. గోడా కొడుక్కే. చెట్టు దగ్గరికొచ్చేసరికి ఆయన వేలు పైకెత్తాడు.

"గోడ గాస్పరేది. లోపల మొలిచేదంతా లిబోరియాది. ఈ చెట్టే కాదు, రేపు ఇది పోయి ఇంకోటి నాటినా అదీ దానిదే. గోడ లేకపోతే చెట్టు బతకదు, చెట్టు లేకపోతే ఆ గోడ గాడిదకి కూడా పనికిరాదు. ఇక చచ్చినట్టు కలిసుంటారు వెధవలు."

నోటరీ మెచ్చుకున్నాడు. ఫాదిరీ మెచ్చుకున్నాడు. పెద్దాయన తన తెలివికి తానే మురిసిపోయి రెండు రోజుల తర్వాత కన్నుమూశాడు. మహానుభావుడు, పిల్లల్ని కన్నాడు గాని వాళ్ళ మొహాలు ఏనాడూ సరిగ్గా చూసినట్టు లేదు. ఒకళ్ళ మెడకి ఇంకొకళ్ళ మెడ కడితే కలిసి నడుస్తారనుకున్నాడు.

అప్పటికే ఆ ఇద్దరికీ చెడింది. లిబోరియా పెళ్ళాడింది రోక్కో అనే పడవవాణ్ణి. ఇక్కడివాళ్ళు సముద్రం మధ్యలో పుట్టినా సముద్రానికి వీపు పెట్టి బతికే రైతులు. చేపలోడంటే లోకువ. గాస్పరే పెళ్ళికి రాలేదు. "కాళ్ళ కింద మట్టి లేనోడికి పిల్లనిచ్చి పంపుతారా?" అన్నాడు నలుగురిలో. దానికితోడు, బల్దసారే పోయిన రోజున రోక్కో సిసిలీలో ట్రాపని రేవు దగ్గర వలల మీద ఉన్నాడు. శవపేటికకి భుజం పట్టలేదు. గోరుచుట్టు మీద రోకటి పోటు! గాస్పరే ఆ సంగతి చచ్చేదాకా మర్చిపోనని అక్కడే, సమాధి దగ్గరే అనేశాడు.

అయినా కొన్నేళ్ళు ఎలాగో జరిగింది. గోడ దగ్గరికి వెళ్ళాలంటే గాస్పరే పొలంలోంచే దారి. లిబోరియా వస్తుంటే అతను వద్దనడు, మొహం తిప్పుకుంటాడు. ప్రతి జనవరిలో మొదటి పళ్ళు కోసి, బుట్టతో తెచ్చి, అన్న గుమ్మం పక్కన అరుగు మీద పెట్టి వెళ్ళేది. అతను ముట్టేవాడు కాదు. వాటిని గాడిద తినేది. ఊరంతా నవ్వుకునేవాళ్ళు. లిబోరియా మాత్రం మళ్ళీ ఏడు మళ్ళీ పెట్టేది.

ఆమెకి పిల్లలు నిలవలేదు. రోక్కో నెలలో సగం నీళ్ళ మీదే. పని అయ్యాక ఆమె పైకెక్కి, ఆ చిన్న తలుపులోంచి వంగి లోపలికెళ్ళి, చెట్టుకి ఆనుకుని కూర్చునేది. ఈ ద్వీపం మొత్తంలో గాలి చొరబడని చోటు అదొక్కటే. బయట గాలి పైన్ కొమ్మల్ని ఊపేస్తుంటే లోపల ఆకు కదిలేది కాదు. ఏప్రిల్‌లో పూత వాసన గోడల మధ్యే నిలిచిపోయి తల తిరిగేది. ఒకసారి మొగుడితో అనేసింది కూడా.

"నిజం చెప్పనా? నీ కంటే నాకా చెట్టే ఎక్కువ."

"తెలుసులేవే" అన్నాడు రోక్కో, చేప ఎముక ఏరుకుంటూ. "దానికి నా కంటే మంచి ఇల్లుంది మరి."

ఒక ఫిబ్రవరిలో వాయవ్యపు గాలి పట్టుకుంది. వారం దాటినా వదల్లేదు. మధ్యలో వాన. మట్టి నాని, గోడకి వాయవ్యం వైపు అడుగు జారి, బండి పట్టేంత మేర రాళ్ళు కూలిపోయాయి. చూడండి దాని తెలివి, సరిగ్గా గాలి వచ్చే వైపే కూలింది. లిబోరియా ఆ రాళ్ళ కుప్ప చూసి అక్కడినుంచే పరుగెత్తింది అన్న దగ్గరికి. అతను ద్రాక్ష గుంటల్లో కూర్చుని కొమ్మలు కత్తిరిస్తున్నాడు.

"అన్నయ్యా, గోడ కూలింది."

"చూశాను."

"ఎప్పుడు పేరుస్తావు?"

"నా పనులయ్యాక."

"నీ పనులు ఆగస్టు దాకా అవ్వవు. ఇప్పటికే ఆకులు మాడుతున్నాయి. ఇంకో గాలి వస్తే చెట్టు దక్కదు."

"చెట్టు నాది కాదుగా."

లిబోరియా ఆ గుంట గట్టు మీద చతికిలబడింది. "నేను పేరుస్తాను. కూలివాణ్ణి నేనే పెట్టుకుంటాను. నువ్వు ఊఁ అను చాలు."

ఇక్కడ ఒక సంగతి ఉంది. ఈ ద్వీపంలో పరాయివాడి గోడ మీద ఒక్క రాయి పెట్టారంటే ఆ గోడలో వాటా అడిగినట్టే. అలా పెట్టిన రాయి కోసం కత్తులు లేచిన ఇళ్ళున్నాయి. అడక్కుండా పెట్టే ధైర్యం ఎవరికీ లేదు, లిబోరియాకి అసలే లేదు.

గాస్పరే కత్తెర కింద పెట్టాడు. "నా గోడ మీద నీ సముద్రపోడి చెయ్యి పడిందంటే ఆ చెయ్యి ఉండదు. చెబుతున్నా."

"ఇంకా అదేనా! ఏం చెయ్యమంటావు మమ్మల్ని?"

"ఆదివారం గుడి ముందర, పదిమంది ఉండగా, టోపీ చేత్తో పట్టుకుని అడగమను. నాన్న శవానికి భుజం పట్టలేదు, తప్పయిపోయిందని అడగమను. సోమవారం పొద్దున్నే రాయి ఎత్తుతాను."

ఆమె ఇంటికొచ్చి మొగుణ్ణి బతిమాలింది. ఏడ్చింది. తిట్టింది. రోక్కో మంచివాడే, కానీ మంచివాడికి పంతం ఉండకూడదని ఎక్కడుంది?

"నీకోసమైతే టోపీ ఏం ఖర్మ, తలకాయే తీసిస్తాను. వాడికోసం వెంట్రుక కూడా తియ్యను. తుఫానులో పడవ ఒడ్డుకి తేలేకపోవడం తప్పెట్లా అవుతుందే?"

"చెట్టు చచ్చిపోతుందయ్యా!"

"చావనివ్వను. చూస్తూ ఉండు."

చూసింది. పడవ గదిలోంచి పాత తెరచాప తీశాడు. గోడ ముట్టుకోకూడదు. నేల కూడా గాస్పరేదే, కాబట్టి గుంజ పాతకూడదు. ఇక మిగిలింది ఏమిటి, చెట్టే. చెట్టు తమది. తమ చెట్టుకి తాము ఏం కట్టుకున్నా అడిగేవాడు లేడు. వాయవ్యం వైపు రెండు పెద్ద కొమ్మలకి ఆ తెరచాపని అడ్డంగా, బిగించి కట్టాడు. పడవ మీద వేసే ముడులు, పీకినా ఊడవు. లిబోరియానే తాడు అందించింది. గాలి ఆగిపోయింది. ఆకులు నిలకడగా ఉన్నాయి. ఆ సాయంత్రం ఇద్దరూ ఉప్పు కేపర్లు, ఉల్లిపాయ వేసిన ఉడకబెట్టిన దుంపలు తిని, చాలా రోజుల తర్వాత నవ్వుకున్నారు.

ఒక్క రైతుబిడ్డ కూడా ఆ పని చేసి ఉండడు. చేసింది పడవవాడు, సాయం పట్టింది వాడి పెళ్ళాం. తెరచాప ఎందుకుందో ఆ ఇద్దరికీ తెలియదా? గాలిని పట్టుకోవడానికేగా! రైతుకి గాలి శత్రువు, పడవవాడికి చుట్టం. ఆ చుట్టాన్ని తెచ్చి చెట్టు భుజాన ఎక్కించారు.

మూడో రోజు మధ్యాహ్నం గాలి మళ్ళీ లేచింది. లిబోరియా తలుపు దగ్గరికి చేరేసరికి తెరచాప పొట్ట ఉబ్బి ఉంది. ముడులు విప్పుదామని వేళ్ళు పెట్టింది. గోళ్ళు విరిగాయి గాని ముడి రాలేదు. కత్తి లేదు. బయటికొచ్చి పొలం వైపు అరిచింది, "అన్నయ్యా! కత్తి! కత్తి తీసుకురా!"

గాస్పరే పై మెట్టున గుద్దలితో ఉన్నాడు. విన్నాడు. గుద్దలి పడేసి, నడుముకున్న ద్రాక్షకత్తి లాగి, పరుగెత్తాడు. మెట్టు తర్వాత మెట్టు దూకుతూ వచ్చాడు. వచ్చాడు, వచ్చాడు, కూలిన రాళ్ళకి ఇవతల దాకా వచ్చాడు. అక్కడ ఇద్దరి చూపులూ కలిశాయి. అతను ఆగాడు.

ఆగడం ఆమె చూసింది. వెనకాల చెట్టు చీలిన చప్పుడు కూడా అప్పుడే విన్నది. మొదలు దగ్గరనుంచి రెండుగా చీలి, సగం తెరచాపతో సహా రాళ్ళ మీద పడింది. మిగిలిన సగం ఏప్రిల్ దాకా ఆకులు పట్టుకుని, తర్వాత ఎండింది.

ఆ ఎండాకాలంలో గాస్పరే గోడ కట్టాడు. ఎవరూ అడగలేదు, ఎవరూ సాయం పట్టలేదు. ఒక్కడే, రాయి రాయి ఏరి, తాత కట్టినదాని కంటే నిటారుగా కట్టాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. ఎందుకు కట్టాడో అతన్నడిగే దమ్ము ఊళ్ళో ఎవరికీ లేకపోయింది. లిబోరియా ఎండిన మొద్దుని కొట్టించి, ఆ కట్టెలతో పొయ్యి వెలిగించి రొట్టె కాల్చింది. తిన్నది రోక్కో ఒక్కడే.

తర్వాత బతుకంతా అలాగే గడిచింది. అతను పెళ్ళే చేసుకోలేదు. ఇద్దరి ఇళ్ళకీ మధ్య ఒక్క కేక దూరం. ఆ కేక ఎవరూ వెయ్యలేదు. దారిలో ఎదురైతే ఒకరు గోడ వైపు, ఒకరు లోయ వైపు చూసేవారు. కార్నివాల్ డాన్సుల్లో ఆమె ఈ మూల కూర్చుంటే అతను ఆ మూల. ఫాదిరీలు మారారు. వచ్చిన ప్రతివాడూ కలపబోయి, ఇద్దరిచేతా చీవాట్లు తిని ఊరుకున్నాడు. రోక్కో పోయినప్పుడు గాస్పరే వచ్చి, గుడి బయట, టోపీ చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. లిబోరియా చూడనట్టే వెళ్ళిపోయింది. ఆమె కడుపులో ఏముందో ఆమెకే తెలుసు, కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని చెప్పలేదు.

కొండా లోయా కలిపి నేషనల్ పార్కు చేశారు. గోడలు, తీగలు, కొండ మీది పైన్ చెట్లు, ఆఖరికి రాళ్ళ మీది నాచు కూడా లెక్కపెట్టడానికి మనుషులు వచ్చారు. వాళ్ళలో ఒక పిల్ల గాస్పరే గోడలోకి వంగి దూరి, ఆశ్చర్యపోయి బయటికొచ్చింది.

"తాతగారూ, ఇంత చక్కటి గోడ ఉంచుకుని లోపల చెట్టు లేదేం?"

"చెట్టు నాది కాదమ్మా."

ఖాళీ గోడల్లో నాటుకోవడానికి పార్కువాళ్ళు నారింజ మొక్కలు ఊరికే ఇస్తారట. ఆ పిల్ల కనుక్కుంటూ కనుక్కుంటూ లిబోరియా ఇంటికొచ్చింది.

"మీరు సరేనంటే నాటేస్తాం అమ్మమ్మా. మీ అన్నగారికి అభ్యంతరం లేదట."

"వాడికెందుకుంటుంది? గోడ వాడిది. ఫోటో బాగా వస్తుంది, తీసుకో. మొక్కా లేదు, గిక్కా లేదు."

ఆ తర్వాత వారానికి గాస్పరే తనే వచ్చాడు. ఎనభై దాటిన మనిషి. వాకిట్లో నిలబడి తొట్టి మూత వైపు చూశాడు. లిబోరియా కుర్చీ వెయ్యలేదు. గ్లాసు తియ్య ద్రాక్షసారా ఇవ్వలేదు. ఇక్కడ బద్ధశత్రువు వచ్చినా గ్లాసు ఇస్తారు.

"నీళ్ళు నేను మోస్తాను" అన్నాడు చివరికి. "గాడిద ఉందిగా. నువ్వు పైకెక్కక్కర్లేదు."

"ఎవరికోసం? కాయ పట్టేసరికి నేనుంటానా, నువ్వుంటావా?"

అతను తొట్టి మూత మీది దుమ్ము చేత్తో తుడిచాడు.

"ఒక్కటి చెప్పు గాస్పరే." అన్నయ్యా అనడం ఆమె ఎప్పుడో మానేసింది. "ఆరోజు పరిగెత్తుకొచ్చావు. కత్తి చేతిలోనే ఉంది. ఎందుకు ఆగావు?"

అతను దవడ కదిలించాడు. ఆ జవాబు ఇన్నేళ్ళూ నోట్లోనే పెట్టుకున్నట్టున్నాడు.

"నేను పరిగెత్తడం నువ్వు చూశావు గదా" అన్నాడు. "అందుకు."

ఇంతేనా! తన మనసు చెల్లెలి కళ్ళబడిందనా! ఇంత చిన్న సంగతికా చెట్టు పోయింది, నవ్వు పోయింది, బతుకు పోయింది! లిబోరియాకి చెయ్యెత్తి కొట్టాలనిపించింది. ముసలి మొహం చూసి ఎత్తలేదు. "ఫో" అంది. లోపలికెళ్ళి తలుపేసుకుంది.

చలికాలం వచ్చింది. పక్కింటి కార్మెనా ఒకరోజు కేపర్లు కడుగుతూ, "వదినా, మీ అన్న గాడిద రోజూ తెల్లారగట్లే నీళ్ళ డబ్బాలతో కొండెక్కుతోంది, చూశావా?" అంది. లిబోరియా చూసింది. చూడకేం, కిటికీ అటువైపే ఉంది. అర్థం కూడా అయింది. అడక్కుండా నాటాడు. ఆ గోడలో ఎవరు నాటినా అది ఆమెదే, కాగితంలో అలాగే ఉంది. క్షమించమని అడగడం చేతకానివాడు ఆ పని చేశాడు. ఊళ్ళో ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. ఎంత మంచివాడు గాస్పరే, అన్నారు. ఆ మాట చెవిన పడ్డ రోజు లిబోరియా తిండి ముట్టలేదు.

ఏప్రిల్‌లో ఒక పొద్దున్న కర్ర పట్టుకుని బయల్దేరింది. గుంటల్లో ద్రాక్ష చిగురేస్తోంది. గోడల మీద కేపరు లేత ఆకులు వేసింది. పైకెక్కే కొద్దీ రోజ్‌మేరీ, అడవి సోపు వాసన. గాలి చీరేస్తోంది. కర్ర ఊనుకుంటూ ఎక్కింది. తలుపు దగ్గర వంగడానికి గోడ పట్టుకోవాల్సి వచ్చింది.

లోపల గాలి లేదు. మోకాలెత్తు మొక్క. చుట్టూ పళ్ళెంలా పాదు తీసి, ఎండ తగలకుండా పాదులో నల్లరాళ్ళు పరిచి ఉన్నాయి. కొత్త ఆకులు, నూనె రాసినట్టు మెరుస్తూ. ఒక్క ఆకుకి కూడా పురుగు లేదు. అంత శ్రద్ధగా చూశాడు. అంత శ్రద్ధ వాడి చేతుల్లో ఉంది, ఎప్పుడూ ఉంది, అప్పుడూ ఉంది. అది తట్టుకోలేకపోయింది ఆమె. ఇన్నేళ్ళు మింగిన ఏడుపంతా కోపమై లేచింది. కర్ర పారేసి, మోకాళ్ళ మీద పడి, రెండు చేతులా మొక్క మొదలు పట్టుకుని లాగింది. రాలేదు. మళ్ళీ లాగింది. నేల చీలి, తెల్లటి లేత వేళ్ళన్నీ తెగుతూ, మట్టితో సహా ఊడి వచ్చింది.

తలుపు దగ్గర చప్పుడైంది. గాస్పరే నీళ్ళ డబ్బాతో వంగి లోపలికొచ్చి, నడుం ఎత్తి, చూశాడు. ఆమె చేతిలోని మొక్కని, ఆమెని. కోప్పడతాడేమోనని చూసింది. కోప్పడితే బావుండును, అరిస్తే బావుండును, తనూ అరిచేది.

"వేరు పట్టిందే, లిబోరియా" అన్నాడు మెల్లగా.

ఆమె చేతుల్లోకి చూసుకుంది. నిజమే, పట్టింది. మళ్ళీ పాతుదాం, ఇద్దరం కలిసి పాతుదాం అనాలనుకుంది. మొక్కని మట్టితో సహా ఒళ్ళోకి తీసుకుంది, అంతే.

మోసుకొచ్చిన నీళ్ళని ఈ ద్వీపంలో ఎవరూ తిరిగి మోసుకుపోరు. గాస్పరే డబ్బా వంచి ఆ ఖాళీ గోతిలో నీళ్ళన్నీ పోశాడు. అవి ఇంకిపోయేదాకా ఇద్దరూ గొయ్యి వైపే చూశారు. తర్వాత అతను ఖాళీ డబ్బా తీసుకుని, నడుం వంచి, తలుపులోంచి బయటికి వెళ్ళిపోయాడు. ఆమె పిలవలేదు.